బీమా లేని వాహనం ప్రాణం తీస్తే: జైలు ఎవరికి, పరిహారం ఎక్కడ?

రోడ్డు ప్రమాదంలో ఒకరు మరణించి, ఢీకొన్న వాహనానికి బీమా లేదని తేలిన ప్రతిసారీ ఒకే డిమాండు వినిపిస్తుంది: నడిపిన వారిని కఠినంగా శిక్షించాలి. ఆ ఆగ్రహం సహజమే. అయితే బీమా లేకపోవడానికి చట్టం విధిస్తున్న శిక్ష ఎంత, దానిని పెంచితే మృతుని కుటుంబానికి ఒరిగేదేమిటి అన్న ప్రశ్నలు ఆ ఆగ్రహంలో మరుగున పడుతున్నాయి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. ఉల్లంఘిస్తే 196వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా రూ.2,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా రూ.4,000 అవుతుంది. నడిపిన వ్యక్తితో పాటు, నడపడానికి అనుమతించిన యజమాని కూడా శిక్షార్హుడే. 2019 సవరణకు ముందు జరిమానా రూ.1,000 మాత్రమే ఉండేది.

ఈ మొత్తాన్ని ప్రీమియంతో పోల్చి చూడాలి. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.2,094. అంటే అతి చిన్న కారు విషయంలోనూ బీమా కట్టడం కంటే తొలిసారి జరిమానా కట్టడమే చౌక. పన్నెండు నుంచి ఇరవై టన్నుల సరకు లారీకి ఆ ప్రీమియం రూ.35,313. లెక్కలు చూసుకునే యజమానికి రూ.2,000 జరిమానా ఏపాటి భయం కలిగిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ద్విచక్ర వాహనాల విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. 75 నుంచి 150 సీసీ బండికి ప్రీమియం రూ.714 మాత్రమే, అయినా బీమా లేని వాహనాల్లో అత్యధికం అవే. కొత్త కార్లకు మూడేళ్ల, కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమాను సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి తప్పనిసరి చేశారు. ఆ గడువు తీరిన తరువాత, బండి రెండు మూడు చేతులు మారిన తరువాత, పాలసీ సంగతి పట్టించుకునే వారు తక్కువ. దేశంలో సగానికి పైగా వాహనాలకు బీమా లేదని పార్లమెంటు ఆర్థిక వ్యవహారాల స్థాయీ సంఘం 2024 ఫిబ్రవరిలో సమర్పించిన నివేదిక పేర్కొంది. రోడ్డు ప్రమాదాల్లో ఒక్క 2022లోనే 1,68,491 మంది మరణించిన దేశం ఇది.

మరణానికి శిక్ష వేరు

ప్రాణం పోయినప్పుడు వర్తించేది మరో చట్టం. నిర్లక్ష్యంతో మరణానికి కారకులైన వారికి భారత శిక్షాస్మృతి 304-ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉండేది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ దానిని ఐదేళ్లకు పెంచింది. ఇక్కడ న్యాయస్థానం పరిశీలించేది వాహనం నడిపిన తీరును. అన్ని పత్రాలూ ఉన్నవారు అడ్డదిడ్డంగా నడిపితే నేరం. పాలసీ లేనివారు జాగ్రత్తగా నడుపుతుండగా ఎదుటివారి తప్పిదంతో ప్రమాదం జరిగితే ఈ సెక్షన్ వర్తించదు. బీమా లేకపోవడాన్నే మరణానికి కారణంగా పరిగణించి దండించాలన్న వాదనకు ఇక్కడే చిక్కు వస్తుంది.

బ్రిటన్ ఆ ప్రయోగం చేసి చూసింది. బీమా లేకుండా నడుపుతూ మరణానికి కారకులైతే రెండేళ్ల వరకు జైలు విధించే ప్రత్యేక నేరాన్ని 2006 నాటి చట్టం సృష్టించగా, అది 2008లో అమలులోకి వచ్చింది. నడపడంలో తప్పు ఉన్నట్లు రుజువు చేయాలన్న షరతు అందులో లేదు. కొంతకాలానికే ఒక అసాధారణమైన కేసు వచ్చింది. బీమా, పూర్తిస్థాయి లైసెన్సు లేని వ్యక్తి తన వ్యానును సక్రమంగానే నడుపుతున్నారు. హెరాయిన్ ప్రభావంలో ఉన్న మరొకరు ఎదురుగా గీత దాటి వచ్చి ఆ వ్యానును ఢీకొని మరణించారు. వ్యాను నడిపిన వ్యక్తిపై మరణానికి కారకులన్న అభియోగం మోపారు. నడిపిన తీరులో కొంతైనా తప్పు ఉండాలనీ, వాహనం ఆ చోట ఉన్నంత మాత్రాన మరణానికి కారణం కాజాలదనీ ఆ దేశ సుప్రీంకోర్టు 2013లో తీర్పునిచ్చింది.

భారతదేశంలో మరో ప్రశ్న కూడా ఉంది. లారీ నడిపేవారు చాలా సందర్భాల్లో దాని యజమాని కారు. ప్రీమియం కట్టకూడదని నిర్ణయించింది ఒకరు, జైలుకు వెళ్లేది మరొకరు అయితే శిక్ష ఎవరికి గుణపాఠం అవుతుంది?

కుటుంబం లెక్క

ముప్పై ఏళ్ల వయసులో, నెలకు రూ.15,000 సంపాదిస్తూ, తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను పోషిస్తున్న స్వయం ఉపాధి వ్యక్తి మరణించారనుకుందాం. సుప్రీంకోర్టు స్థిరపరచిన సూత్రం ప్రకారం భవిష్యత్తు ఆదాయం కోసం 40 శాతం కలిపితే నెలకు రూ.21,000, ఏడాదికి రూ.2,52,000. సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేస్తే రూ.1,89,000. ఆ వయసుకు వర్తించే గుణకం 17తో హెచ్చిస్తే రూ.32,13,000. అంత్యక్రియల వంటి ఖర్చులు దీనికి అదనం. బీమా ఉంటే ఈ మొత్తం కంపెనీ చెల్లిస్తుంది. డ్రైవర్ లైసెన్సులో లోపమున్నా సరే, ముందు బాధితులకు చెల్లించి, ఆ తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు కంపెనీలను ఆదేశిస్తుంటాయి.

పాలసీయే లేనప్పుడు ట్రైబ్యునల్ ఇచ్చే తీర్పు యజమాని ఆస్తిపాస్తుల మీద ఆధారపడిన కాగితమే. 174వ సెక్షన్ ప్రకారం కలెక్టరుకు ధ్రువపత్రం పంపి, భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు. వసూలు చేయడానికి అవతల ఏదో ఒకటి ఉండాలి కదా. పైగా యజమాని అంటే ఆర్‌సీలో పేరున్న వ్యక్తి. బండి అమ్మేసి పేరు మార్పించని పాత యజమానిపైనే బాధ్యత పడుతుందని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. చేతిరాత కాగితంపై సంతకాలతో ద్విచక్ర వాహనాలు అమ్మిన వారంతా గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

జైలు శిక్ష కంటే బాధితులకు ఎక్కువగా పనికివచ్చే ఆయుధం ఒకటి ఇప్పటికే ఉంది. మరణానికి గానీ గాయాలకు గానీ కారణమైన బీమా లేని వాహనాన్ని, యజమాని తగిన హామీ సమర్పించేదాకా విడుదల చేయరాదు. మూడు నెలలు గడిచినా సమర్పించకపోతే వేలం వేసి, ఆ సొమ్మును ట్రైబ్యునల్‌లో జమ చేయాలి. ఢిల్లీలో ఉన్న ఈ నిబంధనను అన్ని రాష్ట్రాలూ చేర్చుకోవాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 13న ఆదేశించింది. లారీ విషయంలో ఇది గట్టి ఒత్తిడే. పాత మోటార్ సైకిలు వేలం సొమ్ము మాత్రం ముప్పై లక్షల తీర్పుకు ఏ మూలకూ చాలదు. అందువల్ల మృతుని కుటుంబం తరఫు న్యాయవాది తొలి రోజుల్లోనే వాహనం బీమా వివరాలను ఎంపరివాహన్ యాప్‌లో సరిచూసుకుని, విడుదలకు అభ్యంతరం తెలపడం అవసరం.

పారిపోతే ఒకటి, దొరికితే ఒకటి

ఢీకొట్టిన వాహనమేదో ఎంత వెతికినా తెలియని కేసుల్లో మృతుని కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద రూ.2 లక్షలు అందుతాయి. 2022 ఏప్రిల్ 1కి ముందు అది రూ.25,000. వాహనం దొరికి, దానికి బీమా లేదని తేలితే ఈ సొమ్ము వర్తించదు. తప్పుతో నిమిత్తం లేకుండా 164వ సెక్షన్ నిర్దేశించిన రూ.5 లక్షలు చెల్లించవలసినదీ ఆ యజమానే. ఫలితంగా, వాహనం నంబరు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పిన కుటుంబమే కొన్నిసార్లు ఖాళీ చేతులతో మిగులుతుంది.

శిక్షను పెంచడం వల్ల పారిపోయే ధోరణి పెరుగుతుందన్న వాదనను దేశం ఇటీవలే విన్నది. సమాచారం ఇవ్వకుండా పారిపోయే వారికి పదేళ్ల వరకు జైలు విధించే 106(2) సెక్షన్‌పై 2024 జనవరి ఆరంభంలో డ్రైవర్లు సమ్మె చేశారు. ఆగితే మూకదాడి భయం, ఆగకపోతే పదేళ్ల జైలు అన్నది వారి ఆవేదన. హైదరాబాద్ పెట్రోలు బంకుల వద్ద బారులు తీరిన వాహనాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ సెక్షన్‌ను మినహాయించి మిగిలిన సంహితను కేంద్రం అమలులోకి తెచ్చింది. బీమా లేని డ్రైవరుకు పారిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది: దొరికితే ముప్పై లక్షల భారం.

బ్రిటన్‌లో బీమా లేని వాహనాల బాధితులకు చెల్లించేందుకు మోటారు బీమా సంస్థలన్నీ కలిసి 1946 నుంచి ఒక ఉమ్మడి సంస్థను నడుపుతున్నాయి. ఆ ఖర్చు అంతిమంగా ప్రీమియం కట్టే వారిపైనే పడుతుంది. నిజాయితీపరులు ఎగవేతదారుల భారం మోయాలా అన్న అభ్యంతరం అక్కడా ఉంది. భారతదేశంలోనూ మోటారు వాహనాల ప్రమాద నిధి ఏర్పడింది. 2025 మేలో ప్రకటించిన పథకం కింద క్షతగాత్రులకు ఏడు రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స లభిస్తుంది. ఢీకొన్న వాహనానికి బీమా లేకపోయినా చికిత్స ఆగదు. నిధిని ఎవరికి వెచ్చించవచ్చో చెప్పే 164-బి సెక్షన్‌లో క్షతగాత్రులు, వాహనం ఆచూకీ తెలియని ప్రమాదాల బాధితులతో పాటు ‘కేంద్రం నిర్దేశించే ఇతర వ్యక్తుల’కూ చోటుంది. బీమా లేని వాహనం వల్ల మరణించిన వారి కుటుంబాలను అందులో చేర్చడానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు, కేంద్రం జారీ చేసే నిబంధన సరిపోతుంది.