రెండు గంటల ఇరవై నిమిషాలకో కీ

తెనాలిలో నలభై ఏళ్ళు వాచీల కొట్టు నడిపాను. కంటికి భూతద్దం బిగించుకుని పళ్ళచక్రాల మధ్యే బతికినవాణ్ణి. జనవరిలో కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, "నాన్నా, ఒకచోట నూటయాభై ఏళ్ళ నాటి కీ యంత్రం ఉంది, చూద్దువుగాని రా" అంది. అదే పాయింట్ రేయెస్ లైట్‌హౌస్.

శాన్‌ఫ్రాన్సిస్కో దాటి ఉత్తరంగా వెళితే, పసిఫిక్ సముద్రంలోకి పొడుచుకుపోయిన నేల అది. కారు దిగి అర మైలు నడిచాం. సముద్రపు గాలికి సైప్రస్ చెట్లు ఒకపక్కకే వాలి దారికి పందిరి వేశాయి. బండల నిండా నారింజ రంగు రాతిపువ్వు. మనవరాలు తల పైకెత్తి, "లైట్‌హౌస్ ఏది తాతయ్యా?" అని వెతికింది. అది మా కాళ్ళ కింద, 313 మెట్ల దిగువన ఉంది!

కొండ కొన సముద్రానికి దాదాపు 600 అడుగుల ఎత్తు. దీపం అక్కడే పెట్టొచ్చు గదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ పొగమంచు పైనే దట్టంగా కమ్ముతుంది, కింద కొంత తెరిపిగా ఉంటుంది. అందుకని కొండను పేల్చి, చదునుచేసి, 37 అడుగుల పొట్టి ఇనుప బురుజు నిలబెట్టారు. 1870 డిసెంబరు 1న మొదటిసారి దీపం వెలిగింది.

లోపలికి అడుగుపెట్టి చాలాసేపు మాట్లాడలేకపోయాను. మనిషికంటే ఎత్తయిన గాజు లెన్స్. 1867లో ఫ్రాన్సులో తయారై, ఓడలో దక్షిణ అమెరికా కొసను చుట్టి వచ్చింది. మామూలు భూతద్దాన్ని అంత పెద్దగా పోస్తే బరువు మోయలేం. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దాన్ని వలయాలుగా విడగొట్టి, అవసరంలేని గాజు తీసేశాడు. ఇక్కడి లెన్స్‌కు 24 ముఖాలు. రెండు నిమిషాలకు ఒక చుట్టు తిరిగేది. అంటే ఓడలోని మనిషికి ప్రతి 5 సెకన్లకూ ఒక మెరుపు.

ఆ 5 సెకన్లే ఈ దీపం పేరు. ఒక్కో లైట్‌హౌస్‌ది ఒక్కో లెక్క. మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టి నావికుడు తానెక్కడున్నాడో తెలుసుకుంటాడు. గోడగడియారం నెమ్మదిస్తే మనకు బస్సు తప్పుతుంది. ఇది నెమ్మదిస్తే ఓడ రాళ్ళకు తగిలేది. లెన్స్‌ను తిప్పే ఇత్తడి పళ్ళచక్రాలు చూశాను. వేలాడే బరువు దిగుతూ వాటిని నడుపుతుంది. రెండు గంటల ఇరవై నిమిషాలకోసారి కీ ఇవ్వాల్సి వచ్చేది. రాత్రంతా, గాలివానలోనూ! ఆ పని చేసిన కాపలాదారులకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున వచ్చిన భూకంపానికి ఈ లెన్స్ పట్టాల మీంచి జారిపోయింది. సరిచేసి, సాయంత్రానికి మళ్ళీ వెలిగించారు. ఆ భూకంపం మరో గుర్తు ఇదే జాతీయ పార్కులోని బేర్ వ్యాలీలో, ఎర్త్‌క్వేక్ ట్రెయిల్ అనే కాలిబాటలో ఉంది. అర మైలు పైచిలుకు నడక. శాన్ ఆండ్రియాస్ అనే భూమి పగులు అటుగానే పోతుంది. ఒకే వరసలో ఉండాల్సిన కంచె అక్కడ తెగి, దాదాపు 5 మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. నాకు ఆ కంచె దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు.

లైట్‌హౌస్ చూసి తిరిగి మెట్లెక్కుతూ ఊపిరి కోసం ఆగినప్పుడు మనవరాలు కేకవేసింది. దూరంగా నీళ్ళు పిచికారీలా లేచాయి. అలాస్కా నుంచి మెక్సికోకు పోయే బూడిదరంగు తిమింగలాలు జనవరిలో ఈ దారినే పోతాయి.

1975లో ఆటోమేటిక్ దీపం వచ్చాక పాత లెన్స్‌కు విశ్రాంతినిచ్చారు. మళ్ళీ తిరిగే స్థితిలో ఉన్న దాన్ని జాతీయ పార్కువాళ్ళు కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళే పెద్దలు ఒకరోజు దీనికి కేటాయించండి. తెరిచి ఉండే రోజులు ముందే కనుక్కోండి. గాలి మరీ జోరుగా వీస్తే మెట్లు మూసేస్తారు. మోకాళ్ళు సహకరించకపోతే పైనుంచి చూసినా చాలు. దిగగలిగితే మాత్రం లెన్స్ ఒక్కటే చూసి వచ్చేయకండి, దాన్ని తిప్పే ఆ ఇత్తడి చక్రాలను కూడా చూడండి.