లెక్కల పోటీకి మన పిల్ల పోవచ్చా?



బడిలో ఆటల పోటీలు ఉంటాయి. పాటల పోటీలు ఉంటాయి. లెక్కల పోటీలు కూడా ఉంటాయి. మన ఉప్పల్, నాచారం పిల్లలు కూడా వీటికి పోవచ్చు. ఇవి ఎట్లా జరుగుతాయో చదువుదాం.

బడుల మధ్య పోటీలు

శ్రీనివాస రామానుజన్ గొప్ప గణిత మేధావి. ఆయన 1887 డిసెంబరు 22న పుట్టారు. 2012 నుంచి ఆ రోజును జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజుల్లో చాలాచోట్ల లెక్కల పోటీలు పెడతారు. ఒక బడి పిల్లలు ఇంకో బడి పిల్లలతో పోటీ పడతారు.

దేశమంతటి పోటీ

దీని పేరు గణిత ఒలింపియాడ్. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలు రాయవచ్చు. ఇది మెట్లు ఎక్కినట్టు ఉంటుంది.

మొదటి మెట్టు: భారత గణిత ఉపాధ్యాయుల సంఘం పెట్టే పరీక్ష. మూడు గంటలు. 30 లెక్కలు. 100 మార్కులు. మామూలుగా సెప్టెంబరులో ఉంటుంది.

రెండో మెట్టు: ప్రాంతీయ పరీక్ష. మూడు గంటలు. లెక్కలు ఆరే! కానీ జవాబు ఒక్కటే రాస్తే చాలదు. అది ఎట్లా వచ్చిందో కూడా రాయాలి.

మూడో మెట్టు: జాతీయ పరీక్ష. ఇందులో గెలిచినవారికి శిక్షణ ఇస్తారు. ముంబైలోని హోమీ భాభా కేంద్రం ఈ పని చూస్తుంది.

చివరికి ఆరుగురు ప్రపంచ పోటీకి పోతారు. ఆ పోటీ 1959లో రుమేనియాలో మొదలైంది. మన దేశం 1989లో మొదటిసారి పోయింది. 2024లో మన పిల్లలు నాలుగు బంగారు పతకాలు తెచ్చారు.

లెక్క ఎట్లా ఉంటుంది?

పదిమంది కోలాటం ఆడుతున్నారు. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒక్కొక్కసారి కర్ర కలపాలి. మొత్తం ఎన్నిసార్లు కలుపుతారు?

ఒక్కొక్కరు తొమ్మిది మందితో కలుపుతారు. పది తొమ్మిదులు 90. కానీ కర్ర ఒకసారి కలిస్తే ఇద్దరి లెక్కలోకీ వస్తుంది. అందుకే సగం చేయాలి. జవాబు 45.

చూశారా! బట్టీ పడితే ఇది రాదు. ఆలోచిస్తే వస్తుంది. పోటీలో లెక్కలు దీనికన్నా కష్టంగా ఉంటాయి. దారి మాత్రం ఇదే.

ఆడపిల్లలకు లెక్కలు వస్తాయా?

ఎందుకు రావు? ఇరాన్ దేశపు మరియం మిర్జాఖానీ 1994లో, 1995లో ప్రపంచ పోటీలో బంగారు పతకాలు గెలిచింది. 2014లో గణితంలో గొప్పదైన ఫీల్డ్స్ పతకం పొందింది. ఆ పతకం పొందిన మొదటి మహిళ ఆమే. ఆడపిల్లలకే వేరుగా యూరప్‌లో ఒక ఒలింపియాడ్ ఉంది. అది 2012లో మొదలైంది. దేశానికి నలుగురు పోతారు. మన దేశపు ఆడపిల్లలు కూడా పోతున్నారు.

మనం ఏం చేయాలి?

పొద్దంతా కంపెనీలో పని చేసి వస్తాం. పిల్లకు లెక్కలు చెప్పలేకపోవచ్చు. కానీ కాగితం చదవగలం. అడగగలం.

జూన్‌లో బడి తెరవగానే లెక్కల టీచరును అడగండి. పేరు ఎప్పటిలోగా ఇవ్వాలి? ఫీజు ఎంత? సెంటరు ఎక్కడ? ఉప్పల్ నుంచి ఏ బస్సు పోతుంది?

ఒక జాగ్రత్త. ఒలింపియాడ్ అనే పేరుతో ప్రైవేటు కంపెనీలు కూడా పరీక్షలు పెడతాయి. వాటిలో గెలిచినా పైన చెప్పిన మెట్లు ఎక్కలేరు. ఎవరు పెడుతున్నారో కాగితం మీద చదవండి. తర్వాతే డబ్బు కట్టండి.

పోటీలో ఓడితే బడి మార్కులు తగ్గవు. ఆలోచించే అలవాటు మాత్రం మిగులుతుంది. "ఆడపిల్లకు ఎందుకులే" అని కాగితం పక్కన పెట్టకండి.

చేసి చూడండి: కోలాటంలో పన్నెండు మంది ఉంటే కర్ర ఎన్నిసార్లు కలుస్తుంది? మీ పిల్లతో కలిసి లెక్క కట్టండి.