నిజాయితీ గల కలం – మంచి జీవనోపాధి



మా సంఘంలోని ఒక కుటుంబం బ్యాంకు అప్పుతో పాడి గేదెలు తెచ్చుకుంది. ఎవరో రాసిచ్చిన ప్రాజెక్టు రిపోర్టులో పాల రాబడి ఘనంగా ఉంది గాని, ఎండాకాలంలో మేత కొనే ఖర్చు లేనే లేదు. చివరకు గేదెలు పోయాయి, కిస్తులు మిగిలాయి. ఆ ఇంట ప్రార్థనకు వెళ్లిన మేము ఆ రిపోర్టు చదివి ఎంతో బాధపడ్డాము. ఇట్టి కాగితాలు నమ్మకంగా రాసేవారు మన యౌవనస్థులలో నుండి ఎందుకు లేవకూడదు?

నెహెమ్యాను చూడండి. అర్తహషస్త రాజు అతని కోరిక అడిగినప్పుడు మొదట ప్రార్థించాడు. తరువాత ఎంత కాలం పట్టునో చెప్పాడు. అధికారులకు తాకీదులు అడిగాడు. ఆసాపు వద్ద నుండి మ్రానులు ఏయే పనులకు కావలెనో వివరించాడు. ప్రాకారం 52 దినములలో పూర్తయింది. మంచి రిపోర్టుకు ఇదే నమూనా.

జుక్కల్‌లో ఒక సహోదరి 4,00,000 రూపాయలతో పిండి గిర్ని పెట్టదలచినదనుకోండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008లో మొదలైంది. దాని నిబంధనల ప్రకారం గ్రామాలలో స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 35 శాతం. అనగా ఆమె పెట్టవలసినది 20,000, బ్యాంకు ఇచ్చేది 3,80,000. సబ్సిడీ 1,40,000 ఆమె చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులోనే ఉండి, గిర్ని నడిస్తే అప్పులో జమ అవుతుంది. ఈ సంగతి ముందే విడమరచి చెప్పేవాడే మంచి రాతగాడు.

ఊళ్లో గిర్నీలు ఇప్పటికే ఎన్ని ఉన్నాయి? రోజుకు ఎన్ని కిలోలు పడతాయి? కరెంటు బిల్లు, మరమ్మతు, కిస్తు పోగా ఇంటికి మిగిలేదెంత? ఇవి తిరిగి అడిగి తెలుసుకోవాలి. పాత రిపోర్టులో పేరు మార్చి ఇస్తే కాదు. లెక్క కుదరనప్పుడు "అమ్మా, ఈ అప్పు వద్దు" అని చెప్పగలగాలి. ఆ రోజు ఫీజు పోయినా నమ్మకం మిగులుతుంది. ఆ నమ్మకమే మరి పదిమందిని తీసుకొస్తుంది.

డిగ్రీ, కంప్యూటరులో లెక్కలు వేయడం, స్పష్టమైన ఇంగ్లీషు అవసరం. మొదట ఒక ఆడిటరు వద్ద పని నేర్చుకోండి. కామారెడ్డిలోని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి పథకాలు తెలుసుకోండి. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులో ఉన్న మనకు మరాఠీ, కన్నడం చెవిన పడుతూనే ఉంటాయి. దెగ్లూరు వ్యాపారితోనైనా, ఔరాదు రైతుతోనైనా మాట్లాడగలగడం చిన్న వరమా?

అనుభవం వచ్చాక పెద్ద కంపెనీలలోనూ స్థానముంది. టెండరు పిలుపు రాగానే ఇంజనీర్ల, అకౌంటెంట్ల రాతలన్నీ కూర్చి, గడువులోగా దాఖలు చేయించేవానిని ప్రపోజల్ మేనేజర్ అంటారు. 1989లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ ప్రపోజల్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్స్ ఈ వృత్తికి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది.

గోపురం కట్టువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో నేర్పాడు. తల్లిదండ్రులారా, ఇంట చదివిన బిడ్డ ఉంటే ఈ పని గూర్చి మాట్లాడండి. పొరుగువాని చేను తాకట్టు పడకుండా కాపాడే కలమును ప్రభువు దీవించును గాక. ఆమేన్.