పెన్‌గంగ ఒడ్డున మంచు గీసిన గీతలు
మన బొగ్గు అడుగున గడ్డకట్టిన కాలం జాడలు

(మా గ్రామీణ విలేకరి)

ఆదిలాబాద్: రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటిన నాడు, "ఈ నేల ఒకప్పుడు మంచుగడ్డ కింద ఉండేది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాము. చలికాలంలో అర్లి, గిన్నెధరి వైపు తెల్లవారుజామున బిందె ముట్టుకుంటే చేయి కొంకర్లు పోయే మాట నిజమే. అయినా చెరువు గడ్డకట్టగా చూచిన ముసలివారు ఈ జిల్లాలలో లేరు. కాని ఆ మాట వట్టి మాట కాదు. అందుకు సాక్ష్యం రాతి మీద ఉన్నది. ఆ రాయి మన పెన్‌గంగ దరినే ఉన్నది.

డొల్లార వద్ద జాతీయ రహదారి వంతెన కింద నుండి పారే పెన్‌గంగ, జైనథ్, బేల సరిహద్దుల వెంట తూర్పుగా సాగి వార్ధా నదిలో కలుస్తుంది. ఆ దిక్కున, చాందాకు పడమటి వైపు ఇరై అనే గ్రామం ఉన్నది. భూగర్భ సర్వే శాఖకు చెందిన ఫ్రాన్సిస్ ఫెడెన్ అక్కడి సున్నపురాతి పరుపును గూర్చి 1875లో వ్రాశాడు. ఆ రాయి సానబట్టినట్టు నున్నగా ఉండి, దాని మీద గొర్రు తోలిన చేను వలె వరుస గీతలు, చాళ్ళు కనిపించాయి.

ఈ గీతలు ఎవరు గీశారు? నీరు రాతిని నునుపు చేస్తుంది గాని తిన్నని గీతలు గీయదు. కొండంత బరువున్న మంచు మెల్లగా జరుగుతున్నపుడు దాని అడుగున ఇరుక్కున్న గుండ్లు గొర్రు పండ్ల వలె కింది రాతిని గీకుతాయి. ఆ గీతల పైన పరుచుకొని ఉన్న మట్టిలో బండరాళ్ళు, గులకరాళ్ళు, మెత్తని బురద అన్నీ కలగాపులగంగా ఉంటాయి. నది ఐతే చేటతో చెరిగినట్టు పెద్ద రాళ్ళను ఒక చోట, ఇసుకను మరొక చోట వేరు చేస్తుంది. మంచుకు చెరగడం తెలియదు. మోసుకువచ్చినదంతా కరిగిన చోటనే కుమ్మరించి పోతుంది.

ఇటువంటి గుండ్ల మట్టిని తొలుత 1856లో ఒరిస్సాలోని తాల్చేరు వద్ద బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ గుర్తించారు. ఇది మంచు పనే అని వారన్నపుడు, ఎండలు మండే దేశంలో మంచేమిటని సందేహించినవారు లేకపోలేదు. ఇరై గీతలు ఆ సందేహానికి జవాబయినాయి.

గోండుల పేరు ప్రపంచానికి

ఇది సుమారు 30 కోట్ల ఏండ్ల నాటి ముచ్చట. అప్పుడు మన దేశం ఇప్పుడున్న చోట లేదు. దక్షిణ ధ్రువానికి చేరువలో అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో అంటుకొని ఉండేది. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మధ్య భారతంలోని రాళ్ళకు గోండుల సీమ పేరిట ఈ పేరు పెట్టాడు. తర్వాత 1885లో సూస్ అనే ఐరోపా పండితుడు మహాఖండానికే ఆ పేరు ఇచ్చాడు. ఉట్నూరు, జోడేఘాట్ గూడేలలోని వారి కులనామం ఈనాడు ప్రపంచంలోని ప్రతి భూగర్భశాస్త్ర పుస్తకంలోను ఉన్నది. ఆ సంగతి మన గూడెపు బడి పిల్లలకు చెప్పేవారే తక్కువ.

బొగ్గు బాయి అడుగున

మంచు కరిగిపోయాక ఆ తడినేలలో అడవులు పెరిగాయి. ఆకులు, మానులు బురదలో పడి, మీద ఇసుక పేరుకొని, కోట్ల ఏండ్లకు బొగ్గు అయింది. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి బాయిలలో మనవారు తవ్వి తెచ్చినది అదే. బొగ్గు కోసం బోరింగు వేసే పనివారికి ఒక గుర్తు తెలుసు. బరమా దిగి దిగి, సూదుల వలె విరిగే ఆకుపచ్చని మట్టిరాయి తగిలితే ఇక కింద బొగ్గు లేదని పని ఆపుతారు. దానినే తాల్చేరు పొర అంటారు. మంచుకాలం మిగిల్చిన పొర అదే.

గడ్డకట్టిన నేల ఈనాటికీ ఉన్నది

మన నేల అటువంటి మంచును వదలి ఎన్నడో వచ్చింది. కాని ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న టండ్రా సీమలో నేల ఈనాటికీ గడ్డకట్టి ఉన్నది. ఎండకాలంలో పైన ఒక మూరో, రెండు మూరలో మాత్రమే కరుగుతుంది. కింద వందల మీటర్ల లోతు వరకు రాయి వలె గట్టిగా ఉంటుంది.

అక్కడి నేల తీరు వింతగా ఉంటుంది. మన రేగడి చేలు మే నెలలో నెర్రెలు విచ్చినట్టే అక్కడి నేల కూడ పగులుతుంది. మనకు ఎండకు, వారికి చలికి. మన నెర్రెలు తొలకరికి పూడిపోతాయి. అక్కడ కరిగిన నీరు నెర్రెలో దిగి మళ్ళీ గడ్డకడుతుంది. ఏటేటా ఆ మంచు మేకు లావెక్కి, నేలంతా గళ్ళు గళ్ళుగా, ఆకాశం నుండి చూస్తే మడులు కట్టిన పొలం వలె కనిపిస్తుంది.

కెనడా ఉత్తర తీరాన టుక్టోయాక్టుక్ అనే ఊరి చుట్టూ పింగోలు అనే గుట్టలు సుమారు 1,350 ఉన్నాయి. చెరువు ఎండిపోయిన చోట తడిమట్టి పైనుండి గడ్డకడుతూ, లోపల చిక్కిన నీటిని పైకి నెడుతుంది. నిండా నీళ్ళు పోసిన సీసా గడ్డకడితే పగిలినట్టు, నేల ఉబ్బి గుట్టగా లేస్తుంది. పైన మట్టి, లోపల మంచు. వాటిలో ఇబ్యుక్ అనేది సుమారు 49 మీటర్ల ఎత్తు, అనగా పదిహేను అంతస్తుల మేడంత. 1984లో కెనడా ప్రభుత్వం అక్కడి 8 పింగోలను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఆ ఊరికి ఏడాది పొడుగునా నడిచే బాట 2017లో గాని పడలేదు. ఎవరూ పోలేని చోటున్న మట్టిగుట్టలకు సైతం వారు ముందే కాపు పెట్టుకున్నారు.

కుంగుతున్న నేల

ఇప్పుడు ఆ నేల కరుగుతున్నది. లోపలి మంచు నీరయిపోతే పైనేల కుంగుతుంది, ఇండ్లు వాలుతాయి. ఇది బొగ్గు సీమ వారికి వేరే చెప్పనక్కరలేదు. కింద బొగ్గు స్తంభాలు తీసిన చోట పైన చేను కుంగడం, గోడలు బీటలు వారడం మనవారు చూచినదే. సైబీరియాలోని బటగై వద్ద 1960ల నాటికి అడవి కొట్టివేయగా, నీడ పోయి నేల కరగడం మొదలయింది. ఈనాడు అక్కడ కిలోమీటరు మేర గొయ్యి నోరు తెరిచి ఉన్నది. అది ఇంకా పెరుగుతూనే ఉన్నది.

గడ్డకట్టిన నేలలో చెట్టుచేమల అవశేషంగా దాగిన కర్బనం సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులని శాస్త్రజ్ఞుల లెక్క. ఇది గాలిలో ఉన్నదానికి దాదాపు రెండింతలు. అది కుళ్ళి గాలిలో కలిస్తే ఎండలు మరింత ముదురుతాయి. ఆ నేల కరగడానికి కారణం లోకమంతా కాల్చే బొగ్గు, చమురు. అందులో మన బాయిల బొగ్గు కూడ ఉన్నది. బొగ్గు వేల కుటుంబాలకు కూడు పెట్టిన మాట కాదనలేము. ఆ పొగ ఎక్కడికి పోతున్నదో తెలుసుకోవడం మాత్రం మన వంతు. మన దేశం కూడ 2008లో ఉత్తర ధ్రువ సీమలోని స్వాల్‌బార్డ్ దీవులలో హిమాద్రి పేరిట పరిశోధనా కేంద్రం తెరిచింది.

చేయవలసినది

ఇంత చరిత్ర గల రాళ్ళు మన పొరుగున ఉండగా, వాటి ఊసు మన బడులలో వినబడదు. ఈ ప్రాంతపు సున్నపురాయి సిమెంటుకు ముడిసరుకు. 30 కోట్ల ఏండ్లు నిలిచిన గీత మందుగుండు పెట్టి పేల్చితే ఒక్క పూటలో పోతుంది. పోయిన గీతను మరల గీయగల మంచు ఇక్కడికి రాదు. తిరుమల కొండ మీది శిలాతోరణానికి భూగర్భ సర్వే శాఖ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తింపు ఇచ్చింది. పెన్‌గంగ, ప్రాణహిత లోయలోని మంచుకాలపు రాళ్ళకూ కంచె, బోర్డు, కాపలా ఉండాలి.

రైతు సోదరులు కూడ ఒక సాయం చేయవచ్చు. బావి తవ్వేటప్పుడు ఆకుపచ్చని మట్టిలో రకరకాల రాళ్ళు కలిసి వచ్చినా, ఒక వైపు చెక్కినట్టు చదునై గీతలున్న గుండు దొరికినా పారవేయక ఊరి హైస్కూలులో సైన్సు మాస్టరుకు చూపాలి. ఉపాధ్యాయులు బేల, కోర్పణ మీదుగా గాని, మంచిర్యాల, కాగజ్‌నగర్ నుండి బల్లార్షా రైలులో గాని పిల్లలను చాందా వైపు తీసుకుపోయి ఆ రాళ్ళు చూపవచ్చు.

ఇరై మహారాష్ట్ర హద్దులో ఉన్నది, మనకేమి పని అనే అధికారులు ఉండవచ్చు. చనాఖా–కోరాట బ్యారేజీ నీళ్ళ కోసం 2016లో రెండు రాష్ట్రాలు ఒక బల్ల వద్ద కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. ఆ నది ఒడ్డునే ఉన్న ఈ రాతి కోసం రెండు జిల్లాల కలెక్టర్లు ఒక్క పూట కూర్చోవాలని ఇరు ఒడ్డుల ప్రజల తరఫున కోరుతున్నాము.