ప్రమాదం తర్వాత ఆసుపత్రి బిల్లు: మన దానం ఎక్కడ ఉపయోగపడాలి?





మన పినపాక మండలం మీదుగా పోయే రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. మణుగూరు వైపు బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు, మిర్చి ఏరే రోజుల్లో కూలీలను ఎక్కించుకున్న ట్రాక్టర్లు, ఆటోలు, మేడారం జాతర వచ్చిందంటే తెగని బళ్ల వరుస. వీటి మధ్యనే మన పిల్లలు బైకుల మీద ఏడూళ్ల బయ్యారానికీ మణుగూరుకూ పోయి వస్తుంటారు.

ప్రమాదం జరిగితే 108లో మొదట మణుగూరుకు, అక్కడి నుంచి సారపాక దగ్గర వంతెన దాటి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి, దెబ్బ పెద్దదైతే ఖమ్మం, వరంగల్ లేదా హైదరాబాద్‌కు తీసుకుపోతారు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే అడ్వాన్సు కట్టమంటారు. ఇంట్లోవాళ్లు ఆ రాత్రికి రాత్రే పుస్తెలతాడు కుదువ పెడతారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. ఆ తర్వాతే సొసైటీకి ఫోన్ వస్తుంది. గాయం మూడు నెలల్లో మానినా అప్పు మూడేళ్లయినా తీరదు.

మనం ఇచ్చేది ఎంత ఇచ్చినా పెద్ద ఆపరేషన్ బిల్లుకు సరిపోదు. అసలు ఆ బిల్లులో చాలా భాగం కట్టవలసిన వారు వేరే ఉన్నారు. వారి చేత కట్టించడం, ఎవరూ కట్టని ఖర్చును మనం భరించడం - సొసైటీ పని ఈ రెండే కావాలి. అందుకు దాతలు కూడా కొన్ని విషయాలు తెలుసుకొని ఉండాలి.

మొదటి రోజే అడగవలసినవి

డబ్బు కట్టలేదనో, పోలీసులు రాలేదనో ప్రాణాపాయంలో ఉన్న మనిషిని డాక్టరు వెనక్కి పంపకూడదు. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. గాయపడినవారిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆసుపత్రికి తెచ్చినందుకు బిల్లు కట్టే బాధ్యత వారి మీద పడదు. కాబట్టి రోడ్డు మీద పడి ఉన్నవారిని చూసి ఎవరూ భయపడి తప్పుకోవద్దు.

కేంద్ర ప్రభుత్వం 2025 మే 5న రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని ప్రకటించింది. దీని కింద ఒక్కో బాధితుడికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స అందుతుంది. ఇది పేదలకు మాత్రమే అన్న షరతు లేదు. అయితే ఆసుపత్రి ఈ పథకం జాబితాలో ఉండాలి, ప్రమాదం సంగతి పోలీసులు ధ్రువీకరించాలి. అందుకే 112కు ఫోన్ చేసి ప్రమాదం నమోదు చేయించడం ఆలస్యం చేయకూడదు. అడ్వాన్సు కట్టేముందు కౌంటర్‌లో "ఈ పథకం ఇక్కడ ఉందా?" అని అడగాలి.

రెండోది ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి దీని పరిమితి కుటుంబానికి 10 లక్షలు. ఆహార భద్రత కార్డు ఉన్న ఇంటివారు ముందుగా ఆరోగ్యమిత్రను కలవాలి. కార్డు ఇంట్లో ఉండిపోతే ఫోటో తెప్పించుకోవాలి. జాబితాలో లేని ఆసుపత్రిలో తొందరపడి చేరితే ఈ సాయం దక్కదు. ఆ గంటలో మనలో ఒకరు పక్కనుండి ఈ ఒక్క మాట చెప్పగలిగితే, అది పెద్ద చందాతో సమానం.

తర్వాత రాబట్టుకోవలసినవి

ఆరోగ్యశ్రీ వర్తించక సొంతంగా కట్టిన బిల్లులకు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేయవచ్చు. ప్రజాప్రతినిధి సిఫారసు లేఖ, బ్యాంకు ఖాతా వివరాలు, ఒరిజినల్ బిల్లులు కావాలి. కట్టినదంతా వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

గుద్దిన బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని చట్టం. వైద్య ఖర్చులు, పోయిన కూలి, ముందు ముందు అయ్యే చికిత్స - వీటన్నిటికీ మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పరిహారం అడగవచ్చు. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో కూడా కేసు వేయవచ్చు. చట్టంలో 6 నెలల గడువు రాసి ఉంది కనుక "కాలు బాగయ్యాక చూద్దాం" అనుకోవద్దు. వచ్చే పరిహారంలో ఇంత వాటా ఇవ్వాలని వకీలు ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం గలవారు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందవచ్చు.

గుద్దిన బండి దొరక్కపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇస్తున్నారు. దరఖాస్తు ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి అధికారి విచారణకు వెళుతుంది.

బీమా అందని చోట్లు

మన ప్రాంతంలో దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సరుకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించినవారికి బీమా కంపెనీ బాధ్యత ఉండదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రాక్టర్ ట్రక్కులో మిర్చి చేలకు పోయే కూలీల కేసుల్లోనూ కంపెనీలు ఇదే వాదిస్తాయి. బండి యజమాని మీద కేసు గెలిచినా, ఆయన దగ్గర డబ్బు ఉంటేనే చేతికొస్తుంది.

బైకు తనంతట తానే జారి పడినవారికి థర్డ్ పార్టీ బీమా రాదు. బండి యజమాని పేర తప్పనిసరిగా కట్టే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ, శాశ్వత అంగవైకల్యానికీ ఉద్దేశించింది. విరిగిన చేతి ఆసుపత్రి బిల్లు అందులో రాదు. మన దానం ఎక్కువగా అవసరమయ్యేది ఇటువంటి ఇళ్లలోనే.

కాగితమే ఆధారం

ఆసుపత్రిలో చేరేటప్పుడు "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయిస్తే తర్వాత ఏ పరిహారమూ నిలబడదు. జరిగింది జరిగినట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించాలి. ఎఫ్ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల చీటీలు, అంబులెన్సు రసీదులు ఒకే ఫైలులో ఉంచాలి. ఒరిజినల్ బిల్లులు సహాయనిధికీ కావాలి, కోర్టుకూ కావాలి. అందుచేత ఎక్కడ ఇచ్చేముందైనా ఆసుపత్రి ముద్రతో మరో ప్రతి తీసుకోవాలి. ఒక చోట వచ్చిన డబ్బును రెండో చోట దాచిపెట్టి అడగడం అమానతుకు విరుద్ధం. అలాంటి దరఖాస్తుకు సొసైటీ తోడు రాకూడదు.

ఏ సొమ్ము దేనికి?

జకాత్ ఎవరికి చెందాలో సూరా తౌబా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా ఉంది. పేదలు, అక్కరగలవారు, అప్పుల్లో చిక్కుకున్నవారు వారిలో ఉన్నారు. చికిత్స కోసం అప్పులపాలైన పేదవాడు జకాత్‌కు అర్హుడే. అయితే జకాత్ సొమ్ము హక్కుదారు స్వాధీనంలోకి వెళ్లాలన్నది హనఫీ ఉలమా చెప్పే నియమం. అందుకే ఆసుపత్రికి నేరుగా కట్టేముందు రోగి అనుమతి తీసుకోవడం మంచిది. సందేహం ఉంటే ఆలిములను అడగాలి.

సదఖాకు ఇంత పరిమితి లేదు. మన పక్కన ఉండే కోయ కుటుంబానికైనా, మరే మతస్థునికైనా దానిలోంచి ఇవ్వవచ్చు. ప్రమాదం కులమతాలు చూసి రాదు. అంబులెన్సు కిరాయి, ఆసుపత్రి దగ్గర ఇంటివారి తిండి, కట్టు మార్పించుకునేందుకు బస్సు చార్జీలు, చేతికర్ర, ఫిజియోథెరపీ, సంపాదించే మనిషి మంచం మీద ఉన్నన్ని రోజుల రేషన్ - ఇంటికి చేరాక మొదలయ్యే ఈ ఖర్చుల్లో చాలా వాటిని ఏ పథకమూ చూడదు. సదఖా చేరవలసింది ఇక్కడికే.

తిరిగి వచ్చే అవకాశమున్న బిల్లుకు ఖర్జె హసన మేలు. వడ్డీ లేని అప్పుగా ఇస్తే పుస్తెలతాడు ఇంట్లోనే ఉంటుంది. సహాయనిధి చెక్కో, పరిహారమో వచ్చాక అదే సొమ్ము ఇంకో ఇంటికి పోతుంది. రాకపోతే, తీర్చలేని పేదవాడిని క్షమించి వదిలేయడం కూడా పుణ్యమే.

కాబట్టి దాతలకు మనవి. చందాతో పాటు మీ సమయమూ ఇవ్వండి. రాత్రిపూట ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి అడగగల చదువుకున్న యువకులు ఇద్దరు, దరఖాస్తులు నింపగల టీచరు ఒకరు, సలహా చెప్పగల వకీలు ఒకరు ఉంటే మన నిధి రెండింతల మందికి సరిపోతుంది.

అల్లాహ్ మన రోడ్ల మీద తిరిగే ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇంటికి చేర్చుగాక. గాయపడినవారికి షిఫా ప్రసాదించుగాక. మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.