కొన్నామా? కౌలుకు తీసుకున్నామా?

ఏదైనా సినిమా యాప్ తెరిచి చూడండి. కొన్ని సినిమాల కింద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి 'రెంట్', ఇంకోటి 'బై'. అద్దెకైతే వందో నూటయాభయ్యో, కొనాలంటే నాలుగైదు వందలు. రెంట్ సంగతి అందరికీ తెలిసిందే. మామూలుగా 30 రోజుల్లోపు చూడటం మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో అయిపోవాలి. మరి 'బై' అంటే ఏంటి? షరతుల పేజీలో కిందికి, ఇంకా కిందికి వెళ్తే అసలు మాట దొరుకుతుంది. మనకి ఇచ్చింది సినిమా కాదు, సినిమా చూసుకోవడానికి ఒక లైసెన్సు. అది కూడా ఆ సినిమా వాళ్ళ దగ్గర ఉన్నంతవరకే.

కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మనకి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. పొలం కొంటే రిజిస్ట్రేషన్ అవుతుంది, పాస్‌బుక్ వస్తుంది. కౌలుకి తీసుకుంటే దున్నుకోవచ్చు, మిర్చి పెట్టుకోవచ్చు. పంట మనది, చేను మాత్రం ఆసామిది. వచ్చే ఏడు ఇవ్వనంటే ఇవ్వడు. కౌలు చేయడంలో తప్పేం లేదు. కానీ కౌలు కాగితం మీద 'క్రయ దస్తావేజు' అని రాసి, క్రయం డబ్బులు తీసుకుంటేనే తప్పు. సినిమా యాప్‌లో 'బై' బటన్ చేసే పని దాదాపు ఇదే.

డిస్కు ఉన్న రోజుల్లో

మన అన్నలు, అక్కలు చదువుకునే రోజుల్లో ప్రతి టౌన్లో సీడీ షాపులు ఉండేవి. షాలిమార్, వోల్గా లేబుళ్ళ వీసీడీలు ఇప్పటికీ కొందరి ఇళ్ళలో టీవీ కింద సొరుగులో ఉండే ఉంటాయి. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ అనే కంపెనీ రంగంలోకి దిగి వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మింది. పైరసీ సీడీ రేటుకే ఒరిజినల్ దొరికేసరికి చాలామంది మొదటిసారిగా ఒరిజినల్ కొన్నారు.

తర్వాత ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 2018లో దాన్ని మూసేసి ఆస్తులు అమ్మమని ట్రైబ్యునల్ ఆదేశించింది. కంపెనీ పోయింది. కానీ దాని దగ్గర కొన్న డిస్కు గీతలు పడకుండా ఉంటే ఇవాళ కూడా ఆడుతుంది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. కొనడం అంటే అది.

డిస్కు చేతిలో ఉంది కదా అని దానితో ఏదైనా చేసుకోవచ్చని కాదు. కొన్న డీవీడీలని అద్దెకి తిప్పుతున్న ఒక వీడియో లైబ్రరీ మీద వార్నర్ బ్రదర్స్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2009లో తీర్పు ఇచ్చింది. సినిమా కాపీ ఒకసారి అమ్ముడుపోయినా దాన్ని అద్దెకివ్వడం మీద హక్కుదారుకి పట్టు ఉంటుందని చెప్పింది. అంటే వ్యాపారం చేయకూడదు. అయినా ఇంట్లో ఎన్నిసార్లు చూసినా, పక్కింటి పిన్నికి ఒకరోజు ఇచ్చినా అడిగేవాడు లేడు.

తాళం ఎలా వేస్తారు

వీసీడీకి తాళమే లేదు. కంప్యూటర్లో పెడితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో డాట్ ఫైలు. దాన్ని కాపీ చేసుకుంటే పని అయిపోయేది.

డీవీడీకి వచ్చేసరికి సీఎస్ఎస్ అనే తాళం వేశారు. డిస్కులో సినిమా గజిబిజిగా మార్చి ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవి లైసెన్సు తీసుకున్న ప్లేయర్లలోనే ఉంటుంది. ఆ తాళంచెవి పొడవు 40 బిట్లే. క్రిప్టోగ్రఫీ సబ్జెక్టు చదివినవాళ్ళకి అది ఎంత చిన్నదో తెలుసు. 1999లో నార్వేలో యోన్ లెక్ యోహాన్సెన్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు మరికొందరితో కలిసి దీన్ని విప్పే ప్రోగ్రాం బయటపెట్టాడు. లైనక్స్‌లో డీవీడీ చూసుకోవడానికి అప్పట్లో దారి లేకపోవడమే కారణమని అతని వాదన. కేసు పెట్టారు. 2003లో కింది కోర్టు, పై కోర్టు రెండూ అతను నిర్దోషి అన్నాయి. తను కొనుక్కున్న డిస్కు తను చూసుకోవడం నేరం కాదన్నది ఆ తీర్పుల సారాంశం.

డీవీడీలకి ప్రాంతాల తాళం ఇంకోటి. ప్రపంచాన్ని ముక్కలు చేసి నంబర్లు ఇచ్చారు. అమెరికాది 1, మనది 5. డల్లాస్‌లో ఉన్న మామయ్య అక్కడ కొన్న హాలీవుడ్ డీవీడీ పంపితే మన ఇంట్లో ప్లేయర్ 'కుదరదు' అనేది. డిస్కు ఒరిజినలే, డబ్బు కట్టి కొన్నదే. అయినా ఆడదు.

ఇప్పటి స్ట్రీమింగ్ తాళాలు ఇంకా గట్టివి. గూగుల్‌ది వైడ్‌వైన్, యాపిల్‌ది ఫెయిర్‌ప్లే, మైక్రోసాఫ్ట్‌ది ప్లేరెడీ. మనం ప్లే నొక్కగానే ఫోన్ ఒక లైసెన్సు సర్వర్‌ని అడుగుతుంది. అది సరేనంటేనే తాళంచెవి వస్తుంది. 'డౌన్‌లోడ్' చేసుకున్నా ఇంతే. ఫైలు ఫోన్లో ఉంటుంది, తాళంచెవి గడువు మాత్రం వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. వైడ్‌వైన్‌లో స్థాయిలు ఉన్నాయి. ఎల్1 ఉన్న ఫోన్లో వీడియో విప్పే పని హార్డ్‌వేర్‌లోని భద్రమైన భాగంలో జరుగుతుంది. ఎల్3 అయితే అంతా సాఫ్ట్‌వేరే. అందుకే చాలా సర్వీసులు ఎల్3 ఫోన్లకి హెచ్‌డీ ఇవ్వవు. అంటే మీరు హెచ్‌డీకి డబ్బు కట్టినా మీ ఫోన్ ఎల్3 అయితే మసక బొమ్మే. లైనక్స్ ల్యాప్‌టాప్‌లోనూ ఇదే గోల. హాస్టల్లో పాత ప్రొజెక్టర్‌కి కన్వర్టర్ పెట్టి కలిపితే సౌండ్ వచ్చి బొమ్మ రాకపోవడం చూసే ఉంటారు. వైరు పాడవలేదు. హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం ఆ ప్రొజెక్టర్‌ని నమ్మలేదు, అంతే.

ఇన్ని తాళాలూ ఎవరిని ఆపుతున్నాయి? పైరసీ సైట్లో చూసేవాడికి వీటిలో ఒక్కటీ అడ్డురాదు. అన్నీ డబ్బు కట్టినవాడికే.

కొట్టు మూసేస్తే

2009 జులైలో అమెరికాలో కిండిల్ వాడేవాళ్ళ పరికరాల్లోంచి రెండు పుస్తకాలు వాటంతట అవే మాయమయ్యాయి. అమ్మినవాడికి అసలు హక్కే లేదని తెలిసి అమెజాన్ వాటిని దూరం నుంచే చెరిపేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. మాయమైన రెండిట్లో ఒకటి జార్జ్ ఆర్వెల్ రాసిన '1984'. ఇష్టంలేని కాగితాలన్నీ ప్రభుత్వం తగలబెట్టే కథ అది! ఒక హైస్కూలు కుర్రాడు ఆ పుస్తకంలో రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిందని కోర్టుకి వెళ్ళాడు.

2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసింది. కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. ఇక్కడా డబ్బు వాపసు ఇచ్చారు. మోసర్ బేర్‌తో పోల్చి చూడండి. అక్కడ కంపెనీ పోయినా సరుకు మిగిలింది. ఇక్కడ కంపెనీ లక్షణంగా ఉంది, సరుకు పోయింది.

2023 డిసెంబరులో సోనీ ఇంకో ప్రకటన చేసింది. ప్లేస్టేషన్‌లో జనం 'కొన్న' డిస్కవరీ షోలు డిసెంబరు 31 నుంచి ఉండవంది. గోల జరిగాక వెనక్కి తగ్గి, కనీసం ఇంకో 30 నెలలు ఉంటాయంది. కొన్న వస్తువుకి 30 నెలల గడువేంటి? కౌలు పొడిగించారు, అంతే కదా.

మిర్చి రైతుని అడగండి. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలకి రసీదు ఉంటుంది. సరుకు వాళ్ళ గోడౌన్లో ఉన్నా, సొంతదారు రైతే. డిజిటల్ గోడౌన్లో పెట్టుకున్న సినిమాకి అలాంటి రసీదు లేదు.

మన చట్టం ఏమంటోంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దానికి పెద్ద సవరణ చేసి 65ఏ అనే సెక్షన్ చేర్చారు. హక్కుల రక్షణకి పెట్టిన డిజిటల్ తాళాన్ని, ఆ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇందులో 'ఉల్లంఘించే ఉద్దేశంతో' అన్న మాటే కీలకం. అమెరికాలో 1998 నాటి చట్టం, కొద్దిపాటి మినహాయింపులు తప్పితే, తాళం విప్పడాన్నే తప్పుగా చూస్తుంది. మన చట్టం ఎందుకు విప్పావని అడుగుతుంది. చట్టం నిషేధించని పని కోసం విప్పితే ఆ సెక్షన్ అడ్డురాదని అందులోనే రాసి ఉంది.

దానికి తోడు సెక్షన్ 52. సొంత వాడకానికి, పరిశోధనకి న్యాయమైన మేరకు వాడుకుంటే ఉల్లంఘన కాదంటుంది. సాఫ్ట్‌వేర్ అయితే పాడైపోతుందేమోనని బ్యాకప్ కాపీ చేసుకోవచ్చని స్పష్టంగా ఉంది. సినిమాకి అంత స్పష్టమైన వాక్యం లేదు. ఎంత వాడకం న్యాయమన్నది సందర్భాన్ని బట్టి కోర్టు తేల్చాలి. సొంత డిస్కుని ఇంట్లో చూసుకోవడానికి హార్డ్ డిస్కులో పెట్టుకోవడం ఒక సంగతి. దాన్ని టెలిగ్రామ్ గ్రూపులో పెట్టడం వేరే సంగతి. రెండోది నిక్కచ్చిగా నేరమే. థియేటర్లో రికార్డు చేస్తే 2023 సవరణ ప్రకారం కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ళు జైలు.

65ఏలో ఇంకో తమాషా ఉంది. తాళం విప్పడానికి ఇంకొకరికి సాయం చేసేవాళ్ళు ఆ మనిషి పేరు, అడ్రసు, ఎందుకోసమో అన్నీ రికార్డు రాసి పెట్టాలి. హాస్టల్లో 'అన్నా, ఈ డీవీడీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టవా' అని జూనియర్ అడిగితే, రూలు ప్రకారం మీరు రిజిస్టరు తెరవాలన్నమాట!

హక్కు కాగితం మీద ఉంది సరే, తాళంచెవి ఎవరిస్తారు? ఇవ్వాలని ఆ సెక్షన్ ఎవరికీ చెప్పలేదు. పైగా యాప్ షరతుల్లో తాళం జోలికి వెళ్ళనని మనమే 'అగ్రీ' నొక్కి ఉంటాం. జైలు లేకపోయినా అకౌంటు మూసేయొచ్చు.

పత్తి రైతుకీ ఇదే పరిస్థితి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టం ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పక్క రైతుతో పంచుకోవచ్చు. బ్రాండు పేరుతో అమ్మడమే కూడదు. కానీ మన దగ్గర వేసే బీటీ పత్తి హైబ్రిడ్. దాని గింజ దాచి వేస్తే చేను సమంగా రాదు, దిగుబడి పడిపోతుంది. చట్టం ఇచ్చిన హక్కుని విత్తనం స్వభావమే లాగేసుకుంటుంది. అందుకే ఏటా ప్యాకెట్లు కొనాల్సిందే. అక్కడ తాళం విత్తనంలో ఉంది, ఇక్కడ ఫైల్లో ఉంది.

కాపీరైట్‌కి గడువు ఉంటుంది కానీ తాళానికి ఉండదు. సినిమాకి కాపీరైట్ 60 ఏళ్ళు. 1957లో వచ్చిన 'మాయాబజార్' మీద సినిమాగా ఉన్న హక్కు 2017 చివరితో అయిపోయింది. అందులోని మాటలు, పాటల హక్కులది వేరే లెక్క, 2010లో వచ్చిన రంగుల ప్రింటుది ఇంకో లెక్క. కానీ తాళం వేసిన కాపీకి ఈ గడువులేవీ తెలియవు. అది ఎప్పటికీ తాళమే.

మన కాలేజీ వరకు

ఇవి క్లబ్బులో అందరూ తెలుసుకోవాలి. లాభాపేక్ష లేని లైబ్రరీ, విద్యాసంస్థ తాము సక్రమంగా కొన్న సినిమా డిస్కుని లాభం చూసుకోకుండా ఇస్తే చట్టం దాన్ని 'వాణిజ్య అద్దె' అనదు. కాబట్టి మన లైబ్రరీ డీవీడీలు కొని పుస్తకాల్లాగే ఇవ్వొచ్చు. కాలేజీ కార్యక్రమాల్లో భాగంగా సినిమా వేసుకోవడానికీ సెక్షన్ 52లో వెసులుబాటు ఉంది. చూసేవాళ్ళు విద్యార్థులు, స్టాఫ్, తల్లిదండ్రులు, కాలేజీ పనులతో సంబంధం ఉన్నవాళ్ళే అయి ఉండాలి. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే ఆ వెసులుబాటు పోతుంది.

డబ్బు కట్టే ముందు, కట్టాక

* షరతుల పేజీలో 'లైసెన్స్' అనే మాట వెతకండి. సినిమా తీసేస్తే డబ్బు వాపసు ఇస్తారో లేదో చూడండి.
* మీ ఫోన్ ఎల్1నా ఎల్3నా చూసుకుని హెచ్‌డీకి డబ్బు కట్టండి. డీఆర్‌ఎం వివరాలు చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి.
* ఒకట్రెండుసార్లు చూసే సినిమా అయితే అద్దె చాలు. ఎప్పటికీ ఉండాలనుకుంటే డిస్కు దొరుకుతుందేమో వెతకండి.
* కొన్నప్పటి బిల్లు, 'బై' అని ఉన్న స్క్రీన్‌షాట్ దాచుకోండి. రేపు అవే సాక్ష్యం.

కొన్న సినిమా మాయమైతే ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ-కామర్స్‌లో డిజిటల్ ఉత్పత్తుల్ని కూడా చేర్చింది. కంపెనీ బెంగళూరులో ఉన్నా ముంబైలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసుకోవచ్చు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వేయాలి. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందం రద్దు చేసుకునే షరతుని ఈ చట్టం 'అన్యాయపు ఒప్పందం' లెక్కలోకి తీసుకుంటుంది. ఆ వాదనతో వెళ్ళాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలి.

నాలుగు వందల కోసం ఇంత తతంగమా అనిపించొచ్చు. కాలిఫోర్నియాలో ఇలాంటి చిన్న గొడవలన్నీ కలిసే చట్టం దాకా వెళ్ళాయి. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ సరుకు మీద 'బై' అని రాయాలంటే, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. ఎవరూ వెనక్కి లాక్కోలేని విధంగా డౌన్‌లోడ్ ఇస్తే ఆ అవసరం లేదు. అంటే నిజంగా అమ్ము, లేదా కౌలు అని చెప్పు.

ఇక్కడా అడగాల్సింది అంతే. సినిమా ఫ్రీగా ఇమ్మని మనం అడగట్లేదు. సినిమా తీసినవాళ్ళ కష్టానికి డబ్బు కడతాం. ఏది కొంటున్నామో బటన్ మీదే తెలుగులో రాయమని అడుగుదాం.