గొట్టంలో దాగిన రెండో స్ప్రింగు

"మాస్టారూ, మా అన్న నడిపితే సప్పుడు చెయ్యని ముందు షాకులు మీరు నడిపితే టంగుమంటాయేటి?"

స్ప్రింగుల పాఠం చెప్తుండగా వెనక బెంచీ నుంచి వచ్చిందీ ప్రశ్న. అడిగిన పిల్లాడిది పాడేరు దగ్గరి ఊరు. వాళ్ళ అన్న వంజంగి కొండదారిలో నా బండి రెండుసార్లు నడిపాడు. అదే బండి, అదే దారి, అవే గోతులు. అతని బరువు 60 కిలోలు, నాది 92. బరువు ఎక్కువైతే స్ప్రింగు ఎక్కువ దిగుతుందని బోర్డు మీద రాసి పిల్లల్ని ఒప్పించాను గానీ అది సగం జవాబే. మిగతా సగం కోసం ఆ సెలవుల్లో ఆ ముందు షాకులను, అంటే ఫోర్కును, విప్పాను. అప్పటినుంచి ఆ రెండు గొట్టాల మీద నాకు తగ్గని ప్రేమ.

ఒక్కో గొట్టం లోపల ఉన్నవి మూడే: పొడుగాటి స్ప్రింగు, నూనె, నూనె పైన కాస్త గాలి. నా బండి ముందు చక్రం 190 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడగలదు. మనిషి ఎక్కి కూర్చోగానే అందులో మూడో వంతు, అంటే 60 మి.మీ. చుట్టుపక్కల, కుంగాలి. ఈ కుంగు లోపం కాదు, అవసరం. చక్రం రాయెక్కితే ఫోర్కు ముడుచుకోవాలి. గోతిలో పడితే సాగి నేలను అందుకోవాలి. సాగడానికి మిగిలే నిడివి ఈ కుంగే.

పిల్లలనే తోడు పెట్టుకుని కొలిచాను. ఒకడు బండి పట్టుకున్నాడు, ఒకడు టేపు. బండి తన బరువుకు తాను 37 మి.మీ. కుంగింది. అన్న కూర్చుంటే 61. నేను కూర్చుంటే 74. లెక్క సరిపోయింది. మనిషి బరువులో దాదాపు 40 శాతం ముందు చక్రం మీద పడుతుంది. రెండు స్ప్రింగులూ కలిసి మిల్లీమీటరుకు ఒక కిలో చొప్పున దిగుతాయి. మా ఇద్దరి మధ్య తేడా 32 కిలోలు, అందులో ముందుకు వచ్చేది 13. కంపెనీ ఆ బండిని అన్నలాంటి మనిషి కోసం తయారుచేసింది.

కూర్చున్నప్పుడు తేడా 13 మి.మీ.లే. కానీ అనంతగిరి ఘాట్ దిగుతూ గట్టిగా బ్రేకు పట్టండి. వెనక ఉన్న బరువంతా ముందుకు దూకుతుంది. అప్పుడు నా అదనపు 32 కిలోల్లో దాదాపు అన్నీ ఫోర్కు మీదే ఉంటాయి. ఇంచుమించు ముడుచుకుపోయిన ఫోర్కుకు అదే క్షణాన రాయి ఎదురైతే ఇనుముకు ఇనుము తగులుతుంది. పిల్లాడు విన్న "టంగు" అదే.

మన దగ్గర దీనికి తేలికైన వైద్యం ఒకటుంది. ఫోర్కు మూత విప్పి, స్ప్రింగు మీద వాచర్లో, పీవీసీ పైపు ముక్కో పెట్టి మూత బిగించడం. 14 మి.మీ. ముక్క పెట్టాను. కుంగు 74 నుంచి సరిగ్గా 60కి వచ్చింది. బండి ముందు భాగం లేచింది, చూడముచ్చటగా ఉంది. కానీ వంజంగి ఎక్కితే మళ్ళీ టంగు.

ఎందుకంటే ముక్క పెడితే స్ప్రింగు గట్టిపడదు. ముందే కాస్త నొక్కి పెట్టినట్టవుతుంది, అంతే. మిల్లీమీటరుకు కిలో చొప్పున దిగే స్ప్రింగు ఆ తర్వాతా అలాగే దిగుతుంది. కంపెనీ బిగించినప్పుడే స్ప్రింగు కాస్త నొక్కి ఉంటుంది గనక, ఫోర్కు పూర్తిగా అడుగంటడానికి మొదట 213 కిలోల బలం కావాలి. ముక్క పెట్టాక 227. పెరిగింది 14 కిలోలు. ముక్క తీసి 20 శాతం గట్టి స్ప్రింగులు వేసి, అదే 60 మి.మీ. కుంగు వచ్చేలా అమర్చితే 253. ఎత్తు అదే, బండి చూపుకు అలాగే ఉంటుంది, అడుగున మాత్రం 40 కిలోల బలం కొత్తగా చేరింది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఉంది. మనిషితో కుంగు 60కి కుదిరాక, దిగిపోయి ఖాళీ బండి కుంగు కొలవాలి. పైపు ముక్కతో అది 23కి పడిపోయింది; గట్టి స్ప్రింగుతో 29 ఉంది. ఖాళీ కుంగు మరీ తగ్గిపోయిందంటే స్ప్రింగు గట్టిగా ఉందని అందరూ అనుకుంటారు. నిజం తలకిందులు. మెత్తటి స్ప్రింగును బలవంతాన నొక్కి ఎత్తు తెచ్చాం కాబట్టే ఖాళీ బండి పైకి తన్నుకుంది. మీ బండిలో ఇలా కనిపిస్తే ఇంకో వాచరు వేయకండి, స్ప్రింగు మార్చండి.

ఇక రెండో స్ప్రింగు. అది కంటికి కనపడదు, కొనక్కర్లేదు కూడా. నూనె మీద బందీ అయిన గాలి.

లెక్క సులువు కోసం ఫోర్కు సాగి ఉన్నప్పుడు గాలి నిడివి 290 మి.మీ. అనుకుందాం. 190 ముడుచుకుంటే మిగిలేది 100. బాయిల్ సూత్రం ప్రకారం పీడనం 2.9 రెట్లు అవుతుంది. ఇప్పుడు నూనె మట్టం 20 మి.మీ. పెంచండి. గాలి 270 నుంచి 80కి నలుగుతుంది, పీడనం 3.4 రెట్లు. 37 మి.మీ. గొట్టాలు రెండింటికీ కలిపి అడుగున దాదాపు 10 కిలోల అదనపు బలం వచ్చింది. అసలు అందం సగం దారిలో ఉంది. ఫోర్కు సగమే దిగినప్పుడు చూస్తే మొదటి లెక్కలో 1.49 రెట్లు, రెండోదాంట్లో 1.54. తేడా కిలోకు కాస్త పైన. చిన్న రాళ్ళ మీద ఈ గాలి ఉన్నట్టే తెలీదు. పెద్ద గోతిలో మాత్రం చివరి నాలుగు వేళ్ళ దూరంలో లేచి నిలబడుతుంది. ఉక్కు స్ప్రింగుకు ఈ తెలివి లేదు. కాస్త బరువైన మనిషి, దారుణమైన దారి, కొత్త స్ప్రింగు దొరకని ఊరు: ఈ మూడూ కలిసిన చోట గరిటెడు నూనె చేసే సాయం మరేదీ చేయదు.

ఈ గాలికి కొండ కూడా తెలుస్తుంది. విశాఖ సముద్రమట్టంలో మూత బిగించి అరకు ఎక్కితే, 900 మీటర్ల ఎత్తులో బయటి పీడనం పదో వంతు తగ్గుతుంది. లోపలి గాలి అంతే ఉంటుంది. ఫోర్కును రెండు కిలోల బలంతో ఎవరో లోపలినుంచి నెడుతున్నట్టు లెక్క. పందేల డర్ట్ బైకులకు మూత మీద చిన్న మర ఉండేది ఈ గాలి వదలడానికే.

అలాగని కొలత లేకుండా నూనె పోయకూడదు. స్ప్రింగు తీసి, ఫోర్కు పూర్తిగా ముడిచి, పై అంచు నుంచి నూనె మట్టం దాకా స్కేలు పెట్టి చూడాలి. ఒకసారి ఓ మెకానిక్కు చూపు అంచనాతో పోసిన నూనె ఘాట్ మధ్యలో నా ఆయిల్ సీలును చీల్చుకుని బయటికి వచ్చింది. కారిన నూనె డిస్కు మీద పడితే బ్రేకు ఉండదు. నాకు పడలేదు, కానీ ఆ వంపులో బండి నిలిపి చూసుకున్నప్పుడు చేతులు వణికాయి.

నూనెకు అసలు ఉద్యోగం వేరే ఉంది. స్ప్రింగు తిన్న దెబ్బను దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. సన్నని రంధ్రాల్లోంచి దూరే నూనె ఆ శక్తిని వేడిగా మార్చి చల్లారుస్తుంది. గట్టి స్ప్రింగు ఎక్కువ విసురుగా తన్నుతుంది గనక 10 నంబరు నూనె బదులు 15 పోయాలనిపిస్తుంది. సాదా ఫోర్కుల్లో అది జాగ్రత్తగా చేయాల్సిన పని. రంధ్రంలో నూనె వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలవుతుంది. చిక్కటి నూనెతో ఒక రాయి నుంచి చక్రం కోలుకునే లోపే ఇంకో రాయి వస్తుంది. ఫోర్కు మెట్టుమెట్టుగా కిందికి దిగిపోయి అక్కడే ఉండిపోతుంది. ఖరీదైన ఫోర్కుల్లో రంధ్రాల మీద పల్చటి ఉక్కు బిళ్ళల దొంతర ఉంటుంది. దెబ్బ పెద్దదైతే బిళ్ళలు వంగి నూనెకు దారి ఇస్తాయి.

ఈ గొట్టాల ఫోర్కును ఎవరు మొదలుపెట్టారంటే, 1908లో ఆల్ఫ్రెడ్ స్కాట్ ఇంగ్లండులో జారే గొట్టాల ఫోర్కు పెట్టాడు, నూనె అడ్డు లేకుండా. 1934లో డెన్మార్కు నింబస్, మరుసటి ఏడాది జర్మనీ బీఎండబ్ల్యూ ఆర్12, ఆర్17 వచ్చాయి. బీఎండబ్ల్యూ కంటే ముందు గొట్టాలు తెచ్చింది నింబసే. అయినా నా ఓటు బీఎండబ్ల్యూకే, ఎందుకంటే అమ్మకానికి పెట్టిన బండిలో నూనెతో కుదుపు చల్లార్చింది వాళ్ళు. తర్వాత ప్రపంచమంతా అదే దారి. మన దేశంలో హీరో ఎక్స్‌పల్స్ 200కు కంపెనీయే ఇచ్చిన ర్యాలీ కిట్‌లో ఫోర్కు 250 మి.మీ. ఆడుతుంది, బిగువు నడిపేవాడి బరువుకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

మన ఏజెన్సీలో ఇది సరదా విషయం కాదు. కాఫీ బస్తాలు, మిరియాలు, పసుపు, సంతకు వెళ్ళే మనుషులు అన్నీ బైకుల మీదే దిగుతాయి. డోలీలు మోసిన దారుల్లోకి ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైకులొచ్చాయి. ఆ బరువులకు ఏ కంపెనీ అమరికా సరిపోదు.

కాబట్టి ఈసారి కొండెక్కే ముందు మెరిసే ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి, కిందికి, దుమ్ము సీలుకు ఆనేదాకా జరపండి. దిగి వచ్చాక ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, అది సీలు నుంచి ఎంత పైకి జరిగిందో కొలవండి. ఫోర్కు ఆడే మొత్తం నిడివిలో ఇంకా రెండు సెంటీమీటర్లు మిగిలి ఉంటే దేన్నీ ముట్టుకోవద్దు.